సుగుణమ్మ ట్రాక్టరు స్టార్టయిన రోజు

మొన్న పప్పు రుబ్బుతుంటే మా మిక్సీ మోటారు కాలిపోయింది. వంటింటి నిండా కమ్ముకున్న ఆ వార్నిష్ వాసనకు పిల్లలు ముక్కులు మూసుకుని బయటికి పరుగెత్తారు గానీ, నేను కదలకుండా నిలబడి నిండా పీల్చుకున్నాను. మెదక్‌లో నేను పెరిగిన ఇంటి వాసన అది.

మా అబ్బా ట్రాక్టర్లకూ జీపులకూ కరెంటు పని చేసేవాడు. రోడ్డు వైపు గది షాపు, దాని వెనకే ఇల్లు. కాలిపోయిన మోటార్లు లోపలికి వచ్చేవి. అమ్మీ చాప మీద కూర్చుని, నల్లబడ్డ పాత తీగంతా పీకేసి, పెదవుల్లో చుట్లు లెక్కపెట్టుకుంటూ కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి, డాబా మీద ఎండు మిరపకాయల పక్కన ఆరబెట్టేది. మిగిలిన తీగ ముక్కలతో నేను బొమ్మలకు గాజులు చేసుకునేదాన్ని. బతుకమ్మ రోజుల్లో పక్కింటివాళ్లు పంపిన సత్తు ముద్దలు అమ్మీ తినిపిస్తే, నువ్వులూ బెల్లంతోపాటు ఆమె వేళ్ల వార్నిష్ కూడా నాలుకకు తగిలేది. ఇంత చేసినా అమ్మీ ఏనాడూ షాపులోకి రాలేదు. చుట్టేది ఆమేనని ఊళ్లో ఎవరికీ తెలియదు.

నేను ఐదో తరగతిలో ఉండగా, దసరా ముందు అబ్బా సైకిల్ మీద నుంచి పడి కుడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. పండగ వెళ్లిన మర్నాడు, ఆయన కట్టు చేత్తో షాపులో కూర్చుని ఉండగా, శంకరంపేట నుంచి కొత్తగా ఎర్ర రంగేసిన ఒక పాత ట్రాక్టరు వచ్చి ఆగింది. నడుపుకుంటూ వచ్చింది సుగుణమ్మ. భర్త పోయాక నాలుగేళ్లుగా దానితోనే తన పొలమూ, చుట్టుపక్కల పొలాలూ దున్ని ఇద్దరు ఆడపిల్లలను చదివిస్తున్న మనిషి. వెనకాల బండి మీద మరిది, అతని వెంట పాత ట్రాక్టర్లు కొనే ఆసామి వచ్చారు.

ట్రాక్టరు ఆపితే మళ్లీ స్టార్ట్ కావడం లేదు. తాళం తిప్పితే టక్కుమని ఒక చప్పుడు, అంతే. ఇంజన్‌ను తిప్పే సెల్ఫ్ మోటారు కదలదు. ఆ పొద్దున ఇంకో ట్రాక్టరుకు తాడు కట్టి లాగించుకుని స్టార్ట్ చేశారట.

"సెల్ఫ్ ఖతమైంది వదినా. బండి గూడ ముసల్దైంది. ఇయ్యాల్నే ఇచ్చేద్దాం," అన్నాడు మరిది.

సుగుణమ్మ స్టీరింగ్ మీది చెయ్యి తియ్యలేదు.

అబ్బా తన కట్టు వైపు చూసుకుని, లోపలికి కేకేసి అమ్మీని రమ్మన్నాడు.

"ఆడామె ఏం జూస్తది?" అన్నాడు మరిది.

"ఇన్నేండ్ల సంది నేను బిగించిన మోటార్లన్నీ ఆమె చుట్టినవే," అన్నాడు అబ్బా. "ఆమెనే జూస్తది."

అమ్మీ గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. కొంగు తల మీదికి లాక్కుని ట్రాక్టరు దగ్గరికి నడిచింది. రోడ్డు మీది జనం ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు.

"అక్కా, గేరు న్యూట్రల్ల పెట్టి, లైటు ఏసి తాళం తిప్పుండ్రి."

లైటు బాగానే వెలిగింది. తాళం తిప్పగానే పూర్తిగా ఆరిపోయింది. వదలగానే మళ్లీ వెలిగింది.

"బ్యాటరీ పాతదా?"

"నిన్ననే కొత్తది ఏసినం. అయినా గిట్లనే జేస్తుంది," అంది సుగుణమ్మ.

"రంగు ఎప్పుడు ఏసిండ్రు?"

"దసర పూజకని మొన్న. వైర్లన్నీ ఊడదీసి ఏసినం."

అమ్మీ మొహంలో నవ్వు కదిలింది. షాపులోంచి మందపాటి వైరు తెచ్చి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొస ఇంజన్ మీద రంగు లేని ఇనుముకు పట్టించి, "ఇగ తిప్పుండ్రి," అంది. అప్పటిదాకా మొరాయించిన మోటారు గిర్రున తిరిగింది. పొగ గొట్టంలోంచి నల్లటి పొగ ఎగసింది. రోడ్డంతా దద్దరిల్లేలా ట్రాక్టరు స్టార్టయింది.

అమ్మీ దాన్ని ఆపించి, బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కు వచ్చే ఎర్త్ వైరు బిగించిన బోల్టు విప్పి అందరికీ చూపించింది. దాని కింద ఇనుము మీద ఎర్ర రంగు మందంగా పేరుకుని ఉంది.

"మోటారుకు ఏం గాలే. రంగు అడ్డం బడి కరెంటు సరింగ పోతలేదు," అంటూ గరుకు కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, వైరు మళ్లీ బిగించింది.

ఈసారి సుగుణమ్మ తాళం తిప్పితే మొదటి తిప్పుకే స్టార్టయింది. ఆపింది, మళ్లీ తిప్పింది, మళ్లీ స్టార్టయింది. మూడోసారి ఊరికే, సంతోషానికి తిప్పింది. తర్వాత కొనే ఆసామి వైపు తిరిగి, "మీరు ఇగ పోండ్రి," అంది నిదానంగా. వెళ్లేముందు కిందికి దిగి, గ్రీజు అంటిన అమ్మీ చేతులను తన రెండు చేతులతో పట్టుకుంది. జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు కొట్టేవాడేనేమో, అబ్బా కుడి చెయ్యి కట్టులో ఉంది. తొడ మీద ఎడమ చేత్తో కొట్టుకున్నాడు.

మర్నాడు కౌడిపల్లి నుంచి ఒకాయన వచ్చి, అబ్బా ఎదురుగానే ఉన్నా, "మేడం ఉన్నదా?" అని అడిగాడు.

ఇప్పుడు మా రోడ్డు మీద మోటార్లకు తీగ చుట్టేవాళ్లు ఒక్కరూ లేరు. మోటారు పాడైతే తీసేసి కొత్తది పెడతారు. మా షాపు ఉన్న చోట సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. అమ్మీ కళ్లకు సన్న తీగ ఆనడం లేదు. అయితే ఆ దుకాణం రాకముందు, అబ్బా పోయాక కూడా, పదకొండేళ్లు షాపు నడిపింది ఆమే. బోర్డు మీద పేరు కూడా ఆమెదే. తను ఉండగానే రాయించింది అబ్బా.