బెలూను బండికి ఎర్ర ట్యాగు

1994 జూలైలో నాకు ఒక విచిత్రమైన అదనపు డ్యూటీ పడింది. అప్పట్లో నేను భిలాయి ఉక్కు కర్మాగారంలో, రైలు పట్టాల మిల్లు మెకానికల్ మెయింటెనెన్స్‌లో చార్జ్‌మన్‌ని. చార్జ్‌మన్ అంటే ఫిట్టర్లకు పైన, ఫోర్మన్‌కు కింద. చేతి నుంచి స్పానరు పూర్తిగా పోదు, కూర్చోడానికి కుర్చీ పూర్తిగా రాదు. వారానికి రెండు సాయంత్రాలు మా సెక్టారు పాఠశాలకు వెళ్లి, ఏడో తరగతి పిల్లలతో సైన్సు క్లబ్బు నడపాలని ఆ ఉత్తర్వు.

నన్నే ఎందుకు ఎంచుకున్నారో చెప్పాలి. నా చదువు పదో తరగతి, ఆపైన ఐటీఐ. మిగిలిన చదువంతా టౌన్‌షిప్ గ్రంథాలయం పెట్టిన భిక్షే. ఇంగ్లీషులో ఉన్న లావుపాటి భౌతికశాస్త్ర గ్రంథాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక చలికాలమంతా చదివాను. నేను గుమ్మంలో కనిపిస్తే చాలు, లైబ్రేరియన్ అడగకుండానే ఆ పుస్తకం తీసి బల్లమీద పెట్టేవాడు. ఈ సంగతి పాఠశాల ప్రధానోపాధ్యాయిని చెవిన పడింది. పిల్లలందరూ ఆమెను బడీ మేడమ్ అనేవారు. క్లబ్బు కోసం ఆమె సైకిల్ స్టాండు వెనక ఉన్న రేకుల షెడ్డు ఇచ్చారు. ఇస్తూనే ఒక మాట చెప్పారు. ఆ షెడ్డును విరిగిన బెంచీల గోదాముగా మార్చాలని పైనుంచి ఒత్తిడి ఉంది, పిల్లలు ఏదైనా చేసి చూపిస్తేనే అది మనకు మిగులుతుంది.

నేను గ్రంథాలయంలో వెతికి బెలూను బండిని ఎంచుకున్నాను. ఊదిన బెలూను మూతికి ఒక గొట్టం కట్టి, దాన్ని చిన్న బండి మీద బిగిస్తే, గాలి వెనక్కి పోతుంది, బండి ముందుకు పోతుంది. పుస్తకంలో చెప్పిన సామాన్లు మా బజారులో దొరకవు. అందుకని ట్యూబులైట్ అట్టపెట్టె బండి ఒళ్లయింది. సైకిల్ పుల్ల ఇరుసు, ఆ ఇరుసు తిరగడానికి అయిపోయిన పెన్ను రీఫిల్ గొట్టం. చక్రాలకు ఫొటో స్టూడియోవాడు పారేసే ఫిల్ము డబ్బాల మూతలు. బాల్‌పెన్ను ఒళ్లు గాలి గొట్టం. బెలూను మూతి బిగించడానికి పాత సైకిల్ ట్యూబు ముక్క.

మొదటిరోజు పిల్లలను ఒక ప్రశ్న అడిగాను. బండి ఎందుకు కదులుతుంది? గాలి వెళ్లి వెనక గోడను తోస్తుంది కాబట్టి అని పన్నెండుమందీ ఒక్క గొంతుతో చెప్పారు. నేను కాదనలేదు. గోడ దగ్గర ఒకసారి, గది నడుమ ఒకసారి వదిలి చూడమన్నాను. రెండుచోట్లా బండి ఒకేలా పరిగెత్తింది. గౌరి అనే అమ్మాయి చాలాసేపు గోడవైపు చూసి, "అంకుల్, అయితే గోడ కా కోయీ కామ్ నహీ" అంది. గోడకు పనేమీ లేదన్నమాట. గౌరి ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగులో మొదలుపెట్టి హిందీలో దిగేది. బెలూను గాలిని వెనక్కి తోస్తే, ఆ గాలే బెలూనును ముందుకు తోస్తుందని, ఆ తోపు అక్కడికక్కడే పుడుతుందని అప్పుడు చెప్పాను.

అంతవరకు బాగానే జరిగింది. నేను చేసిన పొరపాటల్లా, బండ్లను ఇంటికి తీసుకెళ్లి పూర్తి చేసుకురమ్మనడం.

ఆ ఇళ్లలో తండ్రులు ఎవరు? ఫిట్టర్లు, వెల్డర్లు, క్రేన్ ఆపరేటర్లు. మరుసటి వారం షెడ్డులోకి వచ్చినవి బండ్లు కావు, చిన్న చిన్న రోలింగ్ మిల్లులు. గౌరి తండ్రి సింహాచలం మా మిల్లులోనే ఫిట్టరు, చీపురుపల్లి దగ్గరివాడు. సుపేలా బజారులో తుక్కు కొట్టువాడి దగ్గర పాత సీలింగు ఫ్యాన్ల బేరింగులు నాలుగు కొని, వాటినే చక్రాలుగా పెట్టాడు. ఒంటికి ఇనుపరేకు, దానికి ఎర్రరంగు. అద్దంలా మెరుస్తోంది. అతనే దాన్ని రెండు చేతులతో మోసుకొచ్చాడు.

అట్టపెట్టె ఏమైందని అడిగాను.

"అట్టబండేటి గురువుగారూ? నాను పట్టాల మిల్లు ఫిట్టర్ని. నా గుంట అట్టబండి తోల్తే రేపు మిల్లులో నా మొకం ఎక్కడెట్టుకోను?" అన్నాడు.

బెలూను ఊదారు, వదిలారు. గాలంతా బుస్సుమని పోయింది. బండి వీసమెత్తు కదల్లేదు.

ఇక్కడ మా మిల్లు ఆచారం ఒకటి చెప్పాలి. మిల్లు ఆగితే, ఆగిన సమయాన్ని ఏదో ఒక విభాగం ఖాతాలో రాస్తారు. దాన్ని డిలే అంటారు. మెకానికల్ డిలేనా, ఎలక్ట్రికల్ డిలేనా, ఆపరేషన్ డిలేనా అని రోజూ పొద్దున మీటింగులో పెద్ద తగువు. తండ్రులు ఆ తగువును షెడ్డులోకి తెచ్చారు. క్రేన్ ఆపరేటర్ సూర్రావు తన కొడుకు బండి పక్కనపెట్టి, సింహాచలం బండిని అటూ ఇటూ చూసి తీర్పు చెప్పాడు.

"ఇది మెకానికల్ డిలే. రాసేయండి."

"మెకానికలేటి? ఊదినోడు నీ కొడుకే గదా. సరిగ్గా ఊదనేదు. ఆపరేషన్ డిలే!"

"ఊదనేదా? ఆడి బుగ్గలు సూడు, బూరెల్లాగ ఉబ్బిపోనాయి!"

పిల్లలు బండి సంగతి మరచిపోయి ఈ వినోదం చూస్తున్నారు. సరిగ్గా ఆ వేళకే మా ప్లాంటు విద్యావిభాగం అధికారి బడీ మేడమ్‌తో కలిసి లోపలికి వచ్చారు. ఆయన ఇనుపబండ్లను ఒక్కొక్కటిగా చూశారు. ఒక కుర్రవాణ్ణి నీ బండికి ఈ అతుకు ఎలా వేశావని అడిగారు. వాడు నిజాయితీగా "పాపా నే వెల్డింగ్ కియా" అన్నాడు. నాన్నే వెల్డింగ్ చేశాడని. అధికారి నవ్వలేదు. తండ్రుల ప్రదర్శనకు షెడ్డు అక్కర్లేదని, దసరా సెలవులకు ముందు మళ్లీ వస్తానని చెప్పారు. పిల్లలే కట్టిన బండి ఒక్కటైనా నేలమీద గీసిన సున్నపుగీత దాకా నడవాలి, ఎందుకు నడిచిందో పిల్లలే చెప్పాలి. లేదంటే షెడ్డు గోదాముకే. ఆయన మాటకు పూచీ అన్నట్టు మర్నాటికల్లా విరిగిన బెంచీలు కొన్ని వచ్చి మా షెడ్డు మూలన కూర్చున్నాయి.

పిల్లలు ఆ బెంచీలవైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. తమ ఇంట్లోకి ఎవరో పెట్టెలు సర్దుకుని వచ్చినట్టు చూశారు.

తండ్రులకు చెప్పి చూశాను, దయచేసి చెయ్యి పెట్టకండని. అలాగేనన్నారు. షిఫ్టు దిగి నేరుగా షెడ్డుకు వచ్చేవారు. పిల్ల స్క్రూడ్రైవరు పట్టుకుంటే, అలా కాదమ్మా ఇలా అంటూ చేతిలోంచి లాక్కునేవారు. తరువాత ఆ స్క్రూడ్రైవరు పిల్ల చేతికి తిరిగొచ్చేది కాదు. వాళ్లలో చెడ్డవాడు ఒక్కడూ లేడు. పని తెలిసిన చేతికి ఊరుకోవడం రాదు, అంతే.

తండ్రులు రాకుండా బడి గేటు మూయిస్తానన్నారు బడీ మేడమ్. వద్దన్నాను. నాకు ఎర్ర ట్యాగు గుర్తొచ్చింది.

మిల్లులో ఏదైనా యంత్రం మీద పని చేయాలంటే ముందు దాని కరెంటు తీయించి, స్విచ్చుకు ఎర్ర ట్యాగు కడతాం. మనుషులు పనిలో ఉన్నారు, స్విచ్చు వేయవద్దు అని దానిమీద ఉంటుంది, కింద కట్టినవాడి పేరు. ఆ ట్యాగు ఎవరు కడితే వారే తీయాలి. ఫోర్మన్ వచ్చినా, మేనేజరు వచ్చినా, ఉత్పత్తి ఆగి నెత్తిమీద కేకలు పడుతున్నా సరే, వేరేవాడు తాకడు. తాకితే లోపల ఉన్న మనిషి చేయో ప్రాణమో పోతుంది. మా ప్లాంటులో దేవుడి పటానికి కూడా అంత మర్యాద లేదు.

అట్టముక్కలకు ఎర్రరంగు వేయించి, ప్రతి పిల్లచేతా తన పేరు రాయించి, బండికి కట్టించాను. మర్నాడు సాయంత్రం సింహాచలం షెడ్డులోకి వస్తూనే అలవాటుగా చెయ్యి చాచాడు. గౌరి తలెత్తకుండానే, "నాన్నా, మేరా ట్యాగ్ లగా హై" అంది. నా ట్యాగు కట్టి ఉందని.

చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అతను ట్యాగు చూశాడు, కూతుర్ని చూశాడు, నన్ను చూశాడు. తరువాత రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"ఎంత పని సేసినారు గురువుగారూ! ఇంటిదాని మాట ఇనను, ఫోర్మన్ మాట ఇనను. ట్యాగు మీద సెయ్యేస్తే మాత్రం తిన్న అన్నం అరగదు" అన్నాడు.

ఆ వారమంతా తండ్రులు చేతులు వెనక్కి కట్టుకుని గోడవారన నిలబడ్డారు. డిలే ఎవరి ఖాతాలో అన్న తగువు ఆగలేదుగాని చేతులు మాత్రం కదల్లేదు. పిల్లలకు నేను పెట్టిన నియమం ఒకటే. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. మార్చాక వదిలి చూడాలి. రెండు మార్చితే ఏది పని చేసిందో తెలియదు.

గౌరి ఎర్రబండిని ఎత్తి, బేరింగును వేలితో తిప్పింది. తిరిగీ తిరగనట్టు తిరిగి ఆగింది. సింహాచలం బేరింగు ఖాళీలో మూడోవంతు గ్రీజు కూరాడు, మా మిల్లు పద్ధతిలోనే. టన్నుల బరువు మోసే బేరింగుకు గ్రీజు ప్రాణం. బెలూను గాలికి అదే గ్రీజు బురద. తండ్రి గోడ దగ్గర గిలగిలలాడుతుండగా, ఆ పిల్ల గ్రీజంతా కిరసనాయిలుతో కడిగేసింది. బండి జానెడు కదిలింది. షెడ్డంతా కేకలు.

తరువాత ఇనుపరేకు తీసి అట్ట పెట్టింది. కొంచెం దూరం పోయింది. ఆ పైన బేరింగులూ తీసేసి, డబ్బా మూతలూ రీఫిల్ గొట్టాలూ పెట్టింది. ఇప్పుడు బాగా పరిగెత్తింది, కాని ప్రతిసారీ ఎడమకు తిరిగి బెంచీల కిందికి దూరిపోతోంది. మూతలు మార్చింది, గొట్టం మార్చింది. లాభం లేదు. చివరికి గోడవైపు తిరిగి అడిగింది.

"నాన్నా, ఇది లెఫ్ట్‌కే పోతోంది. మీ మిల్లులో ఐసా హోతా హై తో ఏం చేస్తారు?"

మిల్లులో ఇలా అయితే ఏం చేస్తారని అడిగితే, జవాబు చెప్పడానికి ట్యాగు అడ్డం రాదు. సింహాచలం ముఖం వెలిగింది.

"దారం లాగమ్మా. బండి నడిమికి దారం లాగు. రెండిరుసులూ దానికి సరిగ్గా అడ్డంగా ఉన్నాయో నేదో సూడు. ఈ పక్క ఇరుసుకీ ఇరుసుకీ మజ్జి దూరమెంతో, ఆ పక్కా అంతే ఉండాలి."

మేము మిల్లులో సన్నని ఉక్కుతీగ లాగి చేసేది అదే పని. గౌరి దారం లాగి స్కేలుతో కొలిచింది. ఒక పక్క దూరం తక్కువగా ఉంది. సరిచేసింది. బండి గీటు గీసినట్టు పోయింది. సింహాచలం చేతులు విప్పకుండానే మోచేత్తో సూర్రావును పొడిచి, "సూసినావా? అలైన్‌మెంట్!" అన్నాడు.

అధికారి చెప్పినట్టే దసరా సెలవులకు ముందు వచ్చారు. నేలమీద సున్నంతో గీత గీశాం. వరసగా పన్నెండు అట్టబండ్లు, పన్నెండు ట్యాగులు. ఆయన వంగి, గౌరి బండిని చేతిలోకి తీసుకుని చూద్దామని చెయ్యి చాచారు.

"ముట్టకండి సార్! ట్యాగ్ లగా హై!"

ఆ కేక సింహాచలానిది. అధికారి ఎదుట ఎన్నడూ నోరెత్తని మనిషి. అతని కేకకు అతనే బిత్తరపోయాడు. నేను మూలనున్న బెంచీలవైపు చూశాను.

అధికారి మాత్రం కాలినట్టు చెయ్యి లాక్కున్నారు. ఆయన కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో మిల్లులో శిక్షణ పొందినవారేనని తరువాత తెలిసింది. ఎవరి ట్యాగని అడిగారు. నాదే అంది గౌరి. తీస్తావా అని అడిగారు. పని పూర్తయ్యాక తీస్తానంది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, వెళ్లి తండ్రుల వరసలో నిలబడ్డారు.

గౌరి బెలూను ఊదింది. సగంలో ఠప్పుమని పగిలింది. సింహాచలం ఒక అడుగు ముందుకు వేసి, ట్యాగు చూసి, ఆ అడుగు వెనక్కి తీసుకున్నాడు. ఆ పిల్ల తొందరపడలేదు. చిరిగిన రబ్బరు విప్పి, కొత్త బెలూను మూతికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, మళ్లీ ఊది, గొట్టాన్ని వేలితో మూసి, నేలమీద పెట్టి వదిలింది. బండి తిన్నగా వెళ్లి, సున్నపుగీత దాటి, ఎదురుగా ఉన్న బెంచీ కాలికి తగిలి ఆగింది.

గాలి వెళ్లి వెనక గోడను తోసిందా అని అధికారి అడిగారు. గౌరి బండి తెచ్చి, బెలూను ఊది, ఈసారి తలుపు బయట, వెనక గోడే లేని వరండా అంచున పెట్టి వదిలింది. అంతే దూరం పోయింది. ఆ తరువాత వంగి ట్యాగు విప్పి, బండిని ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు. మిగతా పిల్లలనూ ఒక్కొక్కరినే అడిగారు. ఎనిమిది బండ్లు గీత దాటాయి, వెనక్కి పోయే గాలే బండిని ముందుకు తోసిందని ఆ పిల్లలు చెప్పారు. దాటని నాలుగింటి పిల్లలు అవి ఎందుకు దాటలేదో చెప్పగలిగారు. వెళ్లబోతూ మూలకు చూసి, ఈ బెంచీలు ఇక్కడెందుకున్నాయని బడీ మేడమ్‌ను అడిగారు. ఆ మాట పూర్తి కాకముందే సింహాచలం, సూర్రావు చెరో కొసా పట్టుకుని మొదటి బెంచీని బయటికి మోస్తున్నారు. వాటికి ట్యాగు లేదు కదా.

నేను పదవీ విరమణ చేసేవరకు ఆ షెడ్డు సైన్సు క్లబ్బుకే ఉంది. ఆ ఏడాది నుంచి మిల్లులో కూడా ఒక పద్ధతి మొదలుపెట్టాను. కొత్త అప్రెంటిస్‌కు పని నేర్పేటప్పుడు, సామాను చేతికిచ్చి, పాత ఫిట్టర్లను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమనేవాణ్ణి. అడిగితే చెప్పవచ్చు, అడగకపోతే చూడాలి. పని కొంచెం ఆలస్యమయ్యేది. ఆ డిలేను నా ఖాతాలోనే రాయించుకునేవాణ్ణి. ట్యాగు కట్టేది పని చేసేవాడి చెయ్యి కాపాడడానికని నేను ఐటీఐలో చదువుకున్నాను. పని నేర్చుకునేవాడి చేతికి కూడా ఆ కాపుదల కావాలని షెడ్డులో తెలిసింది.