నీళ్ళకు బెదిరిన కుక్క

నా చిన్నప్పుడు మా ఇంటికి కరెంటు వచ్చిన ఏడాదే మా కుక్కకు పిచ్చెక్కిందన్నారు. ఈ రెండింటికీ ఏదైనా సంబంధం ఉండవచ్చని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఊరికి తీర్పులు చెప్పిన ఇల్లు మాది. అయినా తట్టలేదు.

మాది రామతీర్థం వెళ్ళే దారిలో ఒక పల్లె. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పొలాలన్నీ మావే. నాకు ఊహ తెలిసేసరికి పొలాలు పోయాయి, ఇల్లు సగం కూలింది. నిలబడ్డ సగంలో తాతయ్య, నాయనమ్మ, నేను ఉండేవాళ్ళం. పోయినవాటి గురించి తాతయ్య ఒక్కనాడూ మాట్లాడలేదు. మిగిలినవాటిని మాత్రం ఉన్నచోటి నుంచి కదపనిచ్చేవారు కాదు. వాకిలి మధ్యనున్న ఇనుప దీపస్తంభం అలా మిగిలినదే. మా ముత్తాత దాన్ని ఎక్కడి నుంచో బండిమీద తెప్పించారట. దానిమీద గాజు లాంతరు వెలిగిన రోజులు నేను చూడలేదు. మా కుక్కను కట్టేది దానికే. తాడుతో కట్టడం మా ఇంట లేదు, మెడకు తోలు పట్టీ, దానికి ఇనుప గొలుసు. కుక్క నీళ్ళు తాగే ఇత్తడి పళ్ళేన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా స్తంభం మొదట్లో ఒక ఇనుప చట్రంలో బిగించారు.

ఆ వీధిలో మొదటి కరెంటు దీపం మా వాకిట్లోనే వెలగాలని తాతయ్య పట్టుబట్టారు. తీగ లాగడానికి వచ్చిన పనివాడు ఇనుప స్తంభం వద్దని, కర్ర గుంజ నాటించుకోమని రెండుసార్లు చెప్పాడు. మా ముత్తాత నిలబెట్టిన స్తంభం ఉండగా గుంజమీద దీపమేమిటని తాతయ్య ఒప్పుకోలేదు. అతను మూడోసారి చెప్పలేదు. తీగను స్తంభానికి చుట్టుకుంటూ పైకి లాగి, బల్బు వెలిగించి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం వీధంతా వచ్చి చూసింది. నేను అరుగుమీద మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను.

తరువాత వానలు పట్టాయి. మూడు రోజులు ముసురు వదల్లేదు. రెండో రోజున కుక్క నీళ్ళ పళ్ళెం దగ్గరకు వెళ్ళి, మూతి పెట్టీ పెట్టకముందే కెవ్వుమని వెనక్కి దూకింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ దూకింది. ఆ తరువాత పళ్ళెం వంక చూస్తేనే వణికేది. గొలుసు సాగినంత దూరం లాక్కుని అరుగు అంచుకు చేరి, ఒక కాలు దించుతూ ఒక కాలు ఎత్తుతూ నిలబడేది. గొంతు బొంగురుపోయింది. మూతి చివర నురుగు కట్టింది. నీళ్ళంటే భయం, నురుగు, వణుకు. ఇక చెప్పేదేముందన్నారు వీధిలో వాళ్ళు. నాయనమ్మ కళ్ళొత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మూడో రోజు పొద్దున తాతయ్య జోడు తుపాకీ దించి గుడ్డతో తుడవడం మొదలుపెట్టారు. మా కుక్కను ఇంకొకరి కర్రతో చంపించడం ఆయనకు ఇష్టం లేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు ముందే అయిపోవాలన్నారు. నేను ఒక్కచోట నిలవలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళేవాణ్ణి, వీధిగుమ్మంలోకి వచ్చేవాణ్ణి, తుపాకీ తుడవడం ఎంతవరకు వచ్చిందో తొంగిచూసేవాణ్ణి. కుక్క నన్ను చూసి తోక ఆడించింది. పిచ్చెక్కిన కుక్క మనిషిని గుర్తుపడుతుందా అని అడగాలనిపించింది. తాతయ్యను ఎదురు ప్రశ్న అడిగే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

చివరకు గొలుసు విప్పేద్దామనుకున్నాను. విప్పితే ఎటైనా పారిపోతుంది, బతుకుతుంది. మా ఇంట్లో మగవాళ్ళం చెక్క పావుకోళ్ళు లేకుండా వాకిట్లోకి దిగం. అవి రాతిమీద టకటకలాడతాయని నేను విప్పేసి, ఉత్త కాళ్ళతో మెట్లు దిగాను.

సరిగ్గా అప్పుడే తీరం నుంచి మా వీధికి చేపలు తెచ్చే అవ్వ లోపలికొచ్చింది. తలమీద గంప, చేతిలో వెదురుకర్ర. స్తంభం పక్కగా రెండడుగులు వేసి ఉలిక్కిపడి వెనక్కి తగ్గింది. గంపలోంచి కారిన నీళ్ళతో ఆమె కాళ్ళు తడిసి ఉన్నాయి. తన పాదాల వంక చూసుకుంది, కుక్క వంక చూసింది, తరువాత నన్ను చూసింది.

"సినబాబూ, అక్కడే ఆగు. అడుగెయ్యకు."

అరవలేదు. మామూలు గొంతుతోనే అంది. నేను ఆగకపోతే కర్ర అడ్డం పెట్టి, చొక్కా పట్టుకుని మెట్లమీదికి లాగేసింది. తాతయ్య తుపాకీతో అరుగుమీదికి వచ్చారు. ఏటే ఈ గొడవ అని అడిగారు.

ఆమె గంప దించి అరుగుమీద పెట్టింది. వలలో ఒక్కోసారి ఒక చేప పడతాదని, దాన్ని ముట్టుకుంటే చెయ్యి భుజం దాకా జివ్వుమని తిమ్మిరెక్కుతాదని, ఆ స్తంభం పక్కన కాలు పెడితే తనకు అచ్చంగా అలాగే అయిందని చెప్పింది. తాతయ్య నమ్మలేదు. తాను రోజూ నడిచే వాకిలే కదా అన్నారు.

"నీ కాళ్ళకి సెక్కలున్నాయి బాబూ. దానికేటున్నాయి?"

తాతయ్యతో అలా మాట్లాడినవాళ్ళను నేనెప్పుడూ చూడలేదు. ఆయన ముఖం ఎర్రబడింది.

అవ్వ గంపలోంచి మట్టి ముంత తీసింది. చేపలమీద చల్లడానికి మంచినీళ్ళు అందులో తెచ్చుకునేది. దాన్ని పొడిగా ఉన్న అరుగు రాతిమీద పెట్టి, వెదురుకర్రతో మెల్లగా కుక్క వైపు నెట్టింది. కుక్క ముందు బెదిరింది. మెడ చాచి వాసన చూసింది. ముందుకాళ్ళు అరుగుమీదికి ఎక్కించి, ముంతలో మూతి పెట్టి, ఊపిరి తీసుకోకుండా తాగింది. అడుగు చుక్క దాకా నాకింది. తరువాత ముంత మీద మూతి ఆనించి అలాగే నిలబడిపోయింది.

"పిచ్చికుక్క నీల్లు తాగుతాదా బాబూ?"

తాతయ్య తుపాకీ విప్పి తూటాలు తీసి జేబులో వేసుకున్నారు. లోపలికి వెళ్ళి మెయిన్ దించేశారు. పనివాడు వచ్చి చూసేదాకా ఎవరినీ వాకిట్లోకి దిగనివ్వలేదు. గాలికి ఊగీ ఊగీ స్తంభం అంచుకు తీగమీది తొడుగు ఒరుసుకుపోయిందట. వాన తడికి స్తంభం, చట్రం, పళ్ళెం, నేల అన్నిటికీ కరెంటు పాకిందట. నేను గొలుసు ముట్టుకుని ఉంటే ఏమయ్యేదో అతను చెప్పబోతుంటే తాతయ్య చెయ్యెత్తి ఆపారు. మర్నాడు వేపకర్ర గుంజ నాటించారు. అవ్వకు ఆయన కృతజ్ఞత చెప్పగా నేను వినలేదు. కానీ ఆమె మళ్ళీ వచ్చినప్పుడు గంప దించుకోవడానికి తానే లేచి చెయ్యి వేశారు. నాతో ఒక్కమాట అన్నారు. రెండు రోజులు కుక్కనే చూశానురా, స్తంభాన్ని చూడలేదు.

ఇది జరిగి యాభై ఏళ్ళు దాటింది. ఇప్పుడు విజయనగరంలో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. మనవరాలికి ఒక పిల్లి ఉంది. ఇంటినిండా తీగలే. ఫోను తీసేసినా గోడకు వేలాడే ఛార్జర్లు, ఎండాకాలంలో కూలరు, స్నానాలగదిలో గీజరు. పిల్లి కొరుకుతుందని ఛార్జర్లు పీకి సొరుగులో పెడతాను. కూలరులో నీళ్ళు పోసేముందు ప్లగ్గు తీయించి గానీ ఊరుకోను. మొన్న వేసవిలో ఆ పిల్లి ఉన్నట్టుండి కూలరు పక్కనున్న తన గిన్నెలో నీళ్ళు తాగడం మానేసింది. మనవరాలు దాన్ని విసుక్కుంది. నేను కూలరు ఆపించి, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. అతను టెస్టరు పెట్టి అంతా చూసి, ఏ లోపమూ లేదన్నాడు. గిన్నె మార్చాం కదా తాతయ్యా, కొత్త ప్లాస్టిక్ వాసన దానికి నచ్చలేదంతే అని మనవరాలు నవ్వింది. ఇంట్లో అందరూ నవ్వారు. ఆ ఎలక్ట్రీషియన్ కూడా నవ్వాడు.

నన్ను చూసి నవ్వితే సహించడం నాకు చేతకాదు. పెంపకం అలాంటిది. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎంతసేపైనా నవ్వనిస్తాను. రేపు ఆ పిల్లి మళ్ళీ దేనికైనా బెదిరితే, ఆ ఎలక్ట్రీషియన్ను మళ్ళీ పిలిపిస్తాను.