తోడుగా ఇచ్చిన రక్తం

సోఫాలు కుట్టే మేస్త్రీకి తన ఒంటి మీద నమ్మకం ఎప్పుడూ లేదు. పొద్దున లేవగానే అద్దం ముందు నిలబడి నాలుక చాపి చూసుకునేవాడు. కింది రెప్పను కిందికి లాగి కంటి రంగు చూసుకునేవాడు. ఆ తర్వాత తన మణికట్టు తనే పట్టుకుని, కళ్లు మూసుకుని, నాడి కొట్టుకుంటోందో లేదో తేల్చుకునేవాడు. తుమ్మితే న్యుమోనియా. తల తిరిగితే పక్షవాతం. కడుపులో గుడగుడమంటే పేగులు కుళ్లిపోతున్నట్టే. షెడ్డులో అతనితో కలిసి పనిచేసే బావమరిది అతనికి థర్మామీటర్ అని పేరు పెట్టాడు. ఆ పేరు వీధంతా పాకిపోయి, పాత కుర్చీలు బండి మీద వేసుకుని వచ్చేవాళ్లు కూడా "థర్మామీటర్ గారి షెడ్డు ఇదేనా?" అని అడిగేదాకా వచ్చింది.

పనిలో మాత్రం చెయ్యి తిరిగినవాడు. గుప్పెడు చిన్న మేకులు నోట్లో పోసుకునేవాడు. నాలుకతో ఒక్కొక్కటీ పెదాల మధ్యకు తోసి, అయస్కాంతపు సుత్తి మొనకు అంటించుకుని, టక్కున చెక్కలోకి దింపేవాడు. రెండో చెయ్యి గుడ్డను ముడత పడకుండా లాగి పట్టుకునేది. ఇన్ని జబ్బులకు భయపడేవాడు ఆ తుప్పు మేకులు నోట్లో ఎలా వేసుకుంటాడో ఎవరికీ అర్థమయ్యేది కాదు. అడిగితే, "పని వేరు, జబ్బు వేరు" అనేవాడు.

అతని భార్య ఉద్యోగాలకు వెళ్లే తల్లుల పసిపిల్లల్ని చూసుకునే కేంద్రంలో ఆయా. ఏడ్చేవాళ్లని ఎత్తుకోవడం, కొట్టుకునేవాళ్లని విడదీయడం, నిద్రపోయినవాళ్ల మీద దుప్పటి కప్పడం, ఇదే రోజంతా. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే, "ఏవండీ, ఇవాళ ఏం జబ్బు?" అని అడిగేది. అతను ముందు మూతి ముడుచుకుని, తర్వాత మొత్తం చెప్పేవాడు. ఆమె చివరిదాకా విని, ఫక్కున నవ్వి, "మీకేం కాలేదు, లేచి స్నానం చెయ్యండి" అనేది. డాక్టరు చెప్పినా నమ్మనివాడు ఆమె చెబితే నమ్మేవాడు. లేచి స్నానం చేసేవాడు.

ఒకసారి అతని ఎడమ దవడ లోపల పుండు లేచింది. తేనె రాశాడు, ఉప్పునీళ్లు పుక్కిలించాడు, తగ్గలేదు. అద్దం ముందు టార్చిలైటు పట్టుకుని నిలబడటం ఎక్కువైంది. ఈసారి ఆమె నవ్వినా అతను స్నానానికి లేవలేదు. చివరికి ఆమే సెలవు పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరమ్మ లైటు వేసి నోరంతా చూసింది. "చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిద్దాం. రక్తం కూడా ఇవ్వండి. కంగారు పడాల్సిందేం లేదు" అంది.

అతనికి మొదటి మాట తప్ప తర్వాతవేవీ వినిపించలేదు. దవడకు మత్తు ఇచ్చి ముక్క తీసేటప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని ఎలాగో గట్టెక్కాడు. రక్తం తీసే గదికి వచ్చేసరికి మాత్రం కుర్చీలో కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

"నా వల్ల కాదు. ఇంటికి పోదాం పద."

"అయ్యో రామా, మా పిల్లలే నయం. వాళ్లూ ఇంత గోల చెయ్యరు."

"నీకేం, నువ్వెన్నైనా చెబుతావు. సూది నీకా, నాకా?"

"అదా మీ బాధ?" అని ఆమె అతన్ని పక్కకు జరిపి తనే కుర్చీలో కూర్చుంది. "అమ్మాయ్, ముందు నాకు తియ్యి. ఆయనకు ఏ పరీక్షలు రాశారో నాకూ అవే చెయ్యి. చూసి నేర్చుకుంటారు."

రక్తం తీసే అమ్మాయి నవ్వుతూ చేతికి రబ్బరు పట్టీ కట్టింది. మోచేతి పైన నీలంగా కమిలిన మచ్చలు కనిపించి ఆగింది. "ఇవేంటి ఆంటీ?"

"మా పిల్లలమ్మా. ఒకడున్నాడులే, పట్టుకున్నాడంటే ఉడుంపట్టే. వాడికి చేతులు కావు, పట్టకార్లు."

ఆ అమ్మాయి నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాడు.

ముక్క పరీక్ష ఫలితం రావడానికి చాలా రోజులు పడుతుందన్నారు. ఆ రోజుల్లో అతను బతికిన తీరు బతుకు కాదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద పుండుకు తగులుతుంది. తగిలిందంటే అదే ఆలోచన. షెడ్డులో స్ప్రింగులు కడుతూ కడుతూ తాడు వదిలేసి దవడ తడుముకునేవాడు. ఊరికి ఆ చివర కాపురముంటున్న కూతురికి ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా, "ఊరికే చేశానమ్మా" అని పెట్టేసేవాడు. ఒకరోజు పనిముట్లన్నీ తుడిచి వరసగా పేర్చాడు.

"ఒరే, ఈ పెద్ద కత్తెర నువ్వు ఉంచుకో" అన్నాడు బావమరిదితో.

"నువ్వు పోయాక నాకు కత్తెరెందుకు బావా? షెడ్డుకే తాళం వేసేస్తా. ముందు ఆ దవడ వదిలేసి ఇలా వచ్చి ఈ రెక్సిన్ పట్టుకో, జారిపోతోంది."

ఇంట్లో భార్య మునుపటిలా చకచకా తిరగడం లేదు. వంటగదిలో స్టూలు వేసుకుని కూర్చుని కూరలు తరుగుతోంది. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి, గోడకు చెయ్యి ఆనించి, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు నిలబడుతోంది. అతను ఇదంతా చూడకపోలేదు. చూశాడు. తన కోసం దిగులుపడి చిక్కిపోతోందనుకున్నాడు.

"నా గురించి బెంగ పెట్టుకోకు" అన్నాడు.

"సరే, పెట్టుకోను" అంది ఆమె.

ఫలితం వస్తుందన్న రోజుకు ముందే, అది వచ్చేసిందని ఆసుపత్రి నుంచి ఆమెకు ఫోన్ వచ్చింది. అతనితో పాటు ఆమెనూ రమ్మన్నారు, ఇంట్లోవాళ్లని కూడా తోడు తెచ్చుకోమన్నారు. విషయం వినగానే అతను మంచం మీద కూలబడ్డాడు. "అర్థం కాలేదా? నా మొహం మీద చెప్పలేక నీతో చెబుదామని పిలుస్తున్నారు" అన్నాడు. ఇద్దరూ బస్సెక్కారు. దారంతా అతను ఆమె చెయ్యి వదల్లేదు.

డాక్టరమ్మ ముందు అతనితోనే మాట్లాడింది. ముక్క పరీక్షలో ఏమీ లేదంది. విరిగిన పన్ను మొన దవడకు రాసుకుని, ఆ పైన మేకులు గీరుకుని పుండు మానడం లేదంతే. పన్ను నునుపు చేయించుకుని, నోట్లో మేకులు వేసుకోవడం మానేస్తే అదే తగ్గిపోతుందంది.

మేస్త్రీ రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చేశాడు. ఏడుస్తూనే నవ్వాడు. డాక్టరమ్మకు దండం పెట్టాడు. లేచి వెళ్లిపోబోయాడు.

"కూర్చోండి" అంది డాక్టరమ్మ. తర్వాత అతని భార్య వైపు తిరిగింది. "అమ్మా, ఈ మధ్య బాగా నీరసంగా ఉంటోందా?"

"ఆవిడకేం డాక్టరుగారూ, గుండ్రాయిలా ఉంటుంది" అన్నాడు మేస్త్రీ ఇంకా కళ్లు తుడుచుకుంటూనే.

డాక్టరమ్మ అతని వైపు తిరగలేదు. ఆమె రక్తంలో తెల్లకణాలు ఉండాల్సిన తీరులో లేవనీ, పెద్దాసుపత్రిలో ఎముక మజ్జ తీసి చూస్తేగానీ గట్టిగా చెప్పలేమనీ, ఆలస్యం చెయ్యొద్దనీ నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

ఆమె అంతా విని ఒక్కటే అడిగింది. "ఆయన పుండు నిజంగా మామూలుదేగా?"

"మామూలుదే అమ్మా."

తిరుగు బస్సులో కిటికీ పక్కన ఆమె కూర్చుంది. అతను ఆమె చీర కొంగు కొంచెం జరిపి చేతిమీది మచ్చల్ని చూశాడు. కొన్ని పసుపుపచ్చగా పాతబడ్డాయి, కొన్ని కొత్తవి. తన నాలుక మీద రోజూ జబ్బు వెతుక్కున్న కళ్లకు ఇవి ఎన్నాళ్లుగా కనిపించలేదో అతనికి తెలియలేదు. ఆమె కొంగు సర్దుకుని, "చాల్లెండి, అందరూ చూస్తున్నారు" అంది.

పెద్దాసుపత్రిలో వీపు కింద ఎముకలోంచి మజ్జ తీశారు. మళ్లీ ఎదురుచూపులు మొదలయ్యాయి. ఈసారి ఎదురుచూడాల్సింది ఆమె. ఆమెకది చేతకాలేదు. భయమంటే ఏమిటో తెలియని మనిషికి ఒక్కసారిగా వచ్చిపడితే ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ వదలాలో తోచదు. గిన్నె తోముతూ తోముతూ కుళాయి కట్టకుండానే నిలబడిపోయేది.

ఒక సాయంత్రం వాకిట్లో ఇద్దరే కూర్చున్నప్పుడు అడిగింది. "ఏవండీ, మీకెప్పుడూ ఇలాగే ఉండేదా? చేస్తున్న పని చేతిలోనే ఆగిపోయినట్టు?"

"ఆఁ. ఇలాగే."

"ఇన్నేళ్లూ ఇదా మోశారు? నేను నవ్వాను కదండీ."

"నువ్వు నవ్వబట్టే మోశాను."

ఆమె అతని భుజం మీద తల పెట్టుకుంది.

ఎదురుచూడటం మాత్రం అతనికి బాగా తెలుసు. జీవితమంతా చేసిన పని అదే. మధ్యాహ్నం భోజనం అయ్యాక గంట గడవడం కష్టమనీ, అప్పుడు ఒంటరిగా ఉండకూడదనీ చెప్పాడు. చేతులు ఖాళీగా ఉంటే బుర్ర ఊరుకోదన్నాడు. ఆమెను షెడ్డుకు తీసుకెళ్లి, గుడ్డ తొడగాల్సిన సోఫా గుండీల డబ్బా ఒళ్లో పెట్టాడు. ఆమె ఫోము దిండు మీద కూర్చుని ఒక్కో గుండీకి వెల్వెట్ ముక్క చుట్టి, వెనక నొక్కి, పక్కన పడేస్తుంటే బావమరిది అక్కకు ఏవో చిన్నప్పటి సంగతులు చెప్పి నవ్వించేవాడు. ఆమె నవ్వేది. నవ్వు ఆగగానే ఇద్దరు మగవాళ్లూ తలలు వంచుకుని పనిలో పడేవాళ్లు.

ఫలితం వచ్చింది. రక్తంలో కేన్సరే.

ఆ తర్వాత వార్డు, మందు ఎక్కే సీసా, వాంతులు, రాలిన జుట్టు. మధ్యలో కొన్ని వారాలు బాగుంది. ఇంటికొచ్చింది. ఒకరోజు పిల్లల కేంద్రానికి వెళ్లి గేటు బయట నుంచే చూసి వచ్చింది. పిల్లల జలుబులు అంటకూడదని లోపలికి వెళ్లొద్దన్నారు. ఆ ఉడుంపట్టు పిల్లవాడు కమ్మీల్లోంచి చెయ్యి చాపితే, ముట్టుకోకుండా దూరం నుంచే చెయ్యి ఊపింది. ఇంటికొచ్చాక ఆ సంగతి చెప్పి, మొదటిసారి, మొగుడి ఎదుట వెక్కివెక్కి ఏడ్చింది. "వాణ్ని ఊరికే ఆడిపోసుకున్నానండీ" అంది.

మళ్లీ తిరగబెట్టింది. ఈసారి మందులు పనిచెయ్యలేదు. చివరి రోజుల్లో అతను షెడ్డు బావమరిదికి వదిలేసి మంచం పక్కనే ఉన్నాడు. ఆ వార్డులో దగ్గని మనిషి లేడు. అతనికి అంటుకుంటుందేమోనన్న ఆలోచనే రాలేదని తర్వాతెప్పుడో గుర్తొచ్చి అతనే ఆశ్చర్యపోయాడు. ఆమె పోయినప్పుడు భోజనాల బండి వార్డులోకి వస్తోంది. గిన్నెల చప్పుడు. కూతురు నీళ్లకు వెళ్లింది. అతను ఆమె మణికట్టు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నాడి పట్టడం బాగా అలవాటైన వేళ్లు అవి. నర్సు కంటే ముందు వాటికే తెలిసింది. అతను ఎవర్నీ పిలవలేదు. కూతురు వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

కొన్నాళ్లకు మళ్లీ షెడ్డుకు వెళ్లడం మొదలుపెట్టాడు. బావమరిది థర్మామీటర్ అనడం మానేశాడు. ఎవరూ మానమని చెప్పలేదు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పేరుతో అడిగితే, "మేస్త్రీగారనండి" అని సరిదిద్దేవాడు. జబ్బుల భయం పోయిందా అంటే పోలేదు. ఛాతీలో పట్టేసినట్టుంటే అతనికి ఇంకా చెమటలు పట్టేవి. ఎవరికీ చెప్పకుండా, అది పోయేదాకా, సుత్తి పక్కన పెట్టి కూర్చునేవాడు.

ఏడాది తిరిగాక ఒకనాడు కూతురు షెడ్డుకు వచ్చింది. మేనమామ టీ తేవడానికి వెళ్లగానే, పాదం పైన కమిలిన మచ్చ చూపించింది. మంచం కోడు తగిలినట్టే గుర్తు, కానీ తగల్లేదేమో అని కూడా అనిపిస్తోందంది. మొగుడికి చెబితే నవ్వేశాడట. అతను మచ్చ కేసి ఒక్కసారే చూసి, చేతులు తుడుచుకుని, చెప్పులేసుకున్నాడు.

రక్తం ఇచ్చి, ఫలితం కోసం మర్నాడు ఇద్దరూ ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నారు. నీకేం కాలేదు లేవమ్మా అని, ఆమె తల్లి అన్నట్టే అనాలని అతను చాలాసేపు ప్రయత్నించాడు.

"నాన్నా, ఏదైనా మాట్లాడు."

"నాకూ భయంగానే ఉంది తల్లీ. అందుకే ఇక్కణ్నుంచి కదలను."

ఆ మాటకు ఆమె అతని చెయ్యి పట్టుకుంది. పేరు పిలిచారు. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. కమిలిందంతే.

బయటికొచ్చాక కూతురు గేటు పక్కన గోడ వైపు తిరిగి నిలబడి ఏడ్చింది. అతను ఆమె సంచి పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. దారిన పోయేవాళ్లు, పాపం ఏదో చెడ్డ కబురు విన్నారనుకుని, తప్పుకుని వెళ్లారు.

"అమ్మకీ ఇలాగే ఏమీ లేదని రావాల్సింది నాన్నా."

"రావాల్సింది" అన్నాడు.

బస్సు వచ్చింది. నిండుగా ఉంది. తర్వాతది ఎక్కుదాం అంది కూతురు. సరేనన్నాడు.