ఉద్దానం ఇసుకలో కిరణాయుధం

మొన్న పొద్దున్న కాశీబుగ్గలో మా ఇంట్లో కాఫీ తాగుతూ టీవీ పెట్టుకుంటే, బండిమీద బిగించిన ఒక యంత్రం ఆకాశంలో ఎగిరే డ్రోనుమీదికి కాంతికిరణాన్ని గురిపెట్టి, చప్పుడన్నది లేకుండా దాని రెక్క కాల్చి కిందపడేసిన దృశ్యం చూపించారు. నేను గ్లాసు కింద పెట్టేలోపే టెక్కలి నుంచి మా చెల్లి, అంటే మా పిన్ని కూతురు, ఫోను చేసి, "అక్కా, సూసావేటి? నువ్వప్పుడు సెప్పిందే అయింది!" అని చిన్నపిల్లలా కేకేసింది. ఇద్దరం సైన్సు పాఠాలు చెప్పి రిటైరైనవాళ్ళమే గాని, ఆ పూట మాత్రం నలభై అయిదేళ్ళు వెనక్కి పోయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వుకున్నాం.

నా మొదటి ఉద్యోగం ఉద్దానంలో, సముద్రానికి కూతవేటు దూరంలో, కొబ్బరి, జీడితోటల మధ్యనున్న చిన్న ఊరి బడిలో. అదే ఊళ్ళో పిన్ని వాళ్ళుండడంతో నా మకాం వాళ్ళింట్లోనే. ఇరవై రెండేళ్ళ ఆడపిల్ల సైన్సు చెబుతుందంటే పిల్లలకంటే పెద్దలకే వింతగా ఉండేది. బడి కిటికీ దగ్గర ఎవరో ఒకరు ఆగి, రెండు ముక్కలు విని, తల ఊపుకుంటూ వెళ్ళేవారు.

ఒక ఆదివారం ఊళ్ళో సగంమంది బస్సెక్కి కాశీబుగ్గ వెళ్ళి, ఏదో గ్రహాంతరవాసుల సినిమా చూసివచ్చారు. అందులో కథానాయకుడు పిస్తోలు నొక్కితే ఎర్రటి వెలుగు దూసుకెళ్ళి రాక్షసులు మాయమైపోతారట. సోమవారం తరగతిలో పాఠం సాగలేదు. అది నిజంగా అవుతుందా అని అందరిదీ ఒకటే ప్రశ్న. మనిషిని మాయం చెయ్యడం కట్టుకథ, వెలుగుతో కాల్చడం మాత్రం అబద్ధం కాదు, వెలుగునంతా చెదిరిపోకుండా ఒక్కచోటికి చేర్చగలిగిననాడు అలాంటి ఆయుధం తప్పక వస్తుంది అని చెప్పాను. సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకి, అన్నం దగ్గర చిన్నాన్న నోటికి చేరింది.

చిన్నాన్న మంచివాడు, మొండివాడు. ఏడో తరగతి పూర్తవుతున్న చెల్లిని టెక్కలి హాస్టల్లో ఉంచి చదివించమని నేను నెల రోజులుగా బతిమాలుతుంటే, ఆడపిల్లకి అంత చదువెందుకని తోసిపుచ్చుతున్నవాడు. ఆ రోజు కంచం ముందు కూర్చునే, "ఏటమ్మా, పిల్లలకి ఇలాటి అబద్దాలు సెప్తన్నావేటి? ఎలుగుతో నిప్పంటుకుంటాదా?" అన్నాడు. పౌరుషం పొడుచుకొచ్చి, అంటించి చూపిస్తే చెల్లిని టెక్కలి పంపుతావా అని అడిగేశాను. "అంపుతాను. అంటుకోకపోతే నువ్వు బడిలో నిలబడి, నువ్వు సెప్పింది తప్పని ఒప్పుకోవాల" అన్నాడు. పిన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చెల్లి మాత్రం అన్నం మానేసి నాకేసే చూస్తోంది.

భూతద్దంతో కాగితం కాల్చడం చిన్నాన్నకు తెలుసు. అది చెల్లదని, ఇరవై అడుగుల అవతల కాల్చాలని ఆయన షరతు. మాకు దొరికే ఆయుధమల్లా అద్దం! పిల్లలు ఇంటింటికీ తిరిగారు. పిన్ని తన పెళ్ళినాటి అద్దం ఇచ్చింది, మంగలి తాత దుకాణం మూసి మరీ తన అద్దం మోసుకొచ్చాడు, గోడమీద అద్దం దింపి ఇవ్వని ఇల్లు లేదంటే నమ్మండి. పాత వెదురుబుట్టలో ఎండిన కొబ్బరిపీచు కూరి, మసి పూసి, కళ్ళూ కోరలూ గీసి, దాన్ని రాక్షసుణ్ణి చేసి కర్రకు కట్టాం.

మిట్టమధ్యాహ్నం ఊరంతా తోటల అవతల ఇసుకదిబ్బ దగ్గర చేరింది. బుట్టకేసి తేరిపార చూడొద్దని అందరికీ చెప్పి, ఒకేసారి అద్దాలెత్తమన్నాను. ఏం లాభం? నలభై వెలుగుమచ్చలు పిల్లకోతుల్లా చెట్లమీదా, మనుషులమీదా గెంతాయే గాని, ఒక్కచోట నిలిచింది లేదు. పావుగంటకు చేతులు పడిపోయాయి, మబ్బు కూడా అడ్డొచ్చింది. చిన్నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నవ్వాడు.

అప్పుడు చిన్నాన్న తల్లే, ఒక్క అక్షరం చదవని మా నాయనమ్మ, చుట్ట పక్కన పెట్టి, "సేతులు వణుకుతాయి గాని ఇసక వణుకుతాదేటర్రా? గుచ్చీండి!" అని అరిచింది.

మా తాడూబొంగరంలేని ప్రయోగానికి అంతకంటే పెద్ద శాస్త్రజ్ఞురాలు ఎవరు కావాలి! అద్దాలన్నీ ఇసుకలో గుచ్చి, ఒక్కో అద్దానికి ఒక్కో మనిషి కూర్చుని, మచ్చను బుట్టమీద నిలిపి, సూర్యుడు జరిగినకొద్దీ పిసరంత సర్దుతూ వచ్చారు. మబ్బు తొలగింది. పీచులోంచి సన్నగా ఒక పొగపోగు లేచింది. అంతలో గుప్పున మంట! రాక్షసుడి కోరలు కాలిపోతుంటే పిల్లలు పెట్టిన కేకలకు జీడితోటలో పిట్టలన్నీ లేచిపోయాయి. చిన్నాన్న తువ్వాలు గాల్లోకి విసిరి, "ఓడిపోనాన్రా బాబూ, ఓడిపోనాను!" అంటూ అందరికంటే గట్టిగా అరిచి, తానే చెట్టెక్కి అందరికీ కొబ్బరిబొండాలు దించాడు. జూన్‌లో చెల్లి ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సుదాకా నడిచిందీ ఆయనే.

ఇప్పుడొచ్చిన ఆయుధం సినిమాలోలా ఎర్రగా మెరవదు, క్షణంలో కాల్చదు. గురి తప్పకుండా కాసేపు నిలపాలి, మంచూ వానా పడితే బలం తగ్గుతుంది, దాన్ని నడిపే సరంజామాకు ఒక లారీ కావాలి. అయినా వచ్చింది. టీవీలో చూసిన సాయంత్రమే పక్కింటి పిల్లలకు ఉత్సాహంగా చెప్పబోతే, అది ఎన్ని కిలోమీటర్లు కొడుతుంది, మన దగ్గర ఎన్నున్నాయి అని అడిగి ఫోన్లలోకి తల దించేశారు. తప్పు పట్టను, వాళ్ళు పుట్టేసరికే అద్భుతాలన్నీ ఇళ్ళల్లోకి వచ్చేశాయి. కానీ వెలుగుతో మంట పుడుతుందా అని నోరు తెరుచుకుని అడిగి, చూడ్డానికి పనులు మానుకుని ఎండలో కూర్చునే ఊరుంటే, ఈ మోకాళ్ళ నొప్పులతోనైనా రేపే వెళ్ళి మళ్ళీ ఉద్యోగంలో చేరేదాన్ని.