బాప్తిస్మం గిన్నెలో తోకకప్పలు

మా నాన్న తవ్వించిన ట్రెంచిలో ఒక్క మనిషి కూడా దాక్కోలేదు. దాక్కున్నవన్నీ కప్పలే.

యూనియన్ సైన్యం నైజాం మీదికి వస్తోందని, సికింద్రాబాదు మీద బాంబులు పడతాయని ఆ వానాకాలమంతా పుకార్లు. నాన్న మారేడ్‌పల్లి మిషన్ బడిలో లెక్కల మాస్టారు. భయం కూడా కొలతలు వేసుకుని పడేవాడు. పెరట్లో ఆరడుగుల గొయ్యి తవ్వించి, అందులో ఎవరు ఏ వరసలో కూర్చోవాలో కాగితం మీద గీతలు గీసి మరీ చూపించాడు. "అందులో దిగితే మళ్ళీ నన్ను పైకి తియ్యరు, అటునుంచటే మట్టేసేస్తారు" అని నానమ్మ మంచం దిగనంది.

బాంబులు పడలేదు, వాన పడింది. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. దానికి పోలీస్ యాక్షన్ అని పేరట. మాకు తెలిసిందల్లా వీధిలో లారీలు తిరగడం, ట్రెంచిలో మోకాలి లోతు నీళ్ళు నిలవడం, ఆ నీళ్ళ నిండా తోకకప్పలు లుకలుకలాడడం.

ఎదురింటి దర్జీ చాచా కుటుంబం ఆ రోజుల్లో మా వెనక గదిలో ఉండేది. లారీల్లో వచ్చినవాళ్ళు ముస్లిముల ఇళ్ళలో ఏం చేస్తారోనని ఆయన భయం. మా గేటు దాటనని కూతురి చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ పిల్లకీ నాకూ తొమ్మిదేళ్ళు. ఇంక తనకి మిగిలిన లోకం ట్రెంచి గట్టే. పొద్దస్తమానం దానిమీద బోర్లా పడుకుని నీళ్ళలోకి చూసేది. నేను సరదాకి ఒక పుల్ల పెట్టి కెలికితే లాక్కుని విరిచేసింది.

"నిన్ను గిట్ల పొడిస్తె ఎట్లుంటది? జెర సక్కగ కూసో."

కాకి వాలితే రాయి, కోడి వస్తే చెప్పు. తోకకప్పల్లో కొన్నిటికి వెనక కాళ్ళు మొలవడం మొదట చూసింది తనే. ఇంకో వారమైతే గట్టెక్కి దుంకుతాయని లెక్క కట్టింది.

వారం దాకా నాన్న ఆగలేదు. శుక్రవారం సాయంత్రం పెరట్లోకి వచ్చి, "సైన్యంవాళ్ళొచ్చి ఈ గొయ్యి ఎందుకని అడిగితే ఏం చెప్తాం? తుపాకులు దాచామంటారు. రేపు పొద్దున్నే పూడ్పించేస్తాను" అన్నాడు.

"వద్దు సార్, అండ్ల పిల్లలున్నరు!" అని అరిచింది నా దోస్తు.

నాన్న ముఖం పాలిపోయింది. ఎవరి పిల్లలో పాపం అనుకుంటూ గట్టు మీద మోకాళ్ళేసి తొంగిచూశాడు. సంగతి తెలిశాక పంచె దులుపుకుని, కప్పల కోసం తను జైలుకి పోలేనని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

కాళ్ళు మొలిచినవాటినైనా తీసేద్దాం అనుకున్నాం. తీసి పెట్టడానికి గిన్నె ఏది? నీళ్ళు దొరకవేమోనని అమ్మ ఇంట్లో చెంబు దగ్గర్నుంచి గంగాళం దాకా నింపి పెట్టింది. ఒక్కటి ముట్టుకున్నా వీపు విమానం మోతే. అప్పుడు నాకు సందుకి అవతల చర్చిలో బాప్తిస్మం గిన్నె గుర్తొచ్చింది. తెల్లటి పింగాణీది, పెద్దది, పైన మూత కూడా ఉంది. ఇలాంటి గోలలో ఎవరు బాప్తిస్మాలిప్పిస్తారులే అనుకున్నాను.

"మీ దేవుడు ఏమన్న అంటడా?" అంది.

"నోవహుని అన్ని జంతువుల్నీ ఓడలో ఎక్కించుకోమన్నది ఆయనే కదా."

"మాకు సుత ఉన్నడు నూహ్ నబీ. అయితే ఫికర్ లేదు" అంది. రెండు మతాలూ ఒప్పుకున్నాయి కాబట్టి పని షురూ చేశాం. తను ట్రెంచిలోకి దిగి బొండుమల్లె చెట్టు కింది చిప్పతో ముంచింది. నేను ఆ చిప్పని పలకల సంచీ కింద దాచి, అమ్మ చూడకుండా మూడు సార్లు చర్చికి మోశాను. మూత కొంచెం పక్కకి జరిపి పెట్టాను, ఊపిరాడాలి కదా.

శనివారం ట్రెంచి పూడింది. ఆదివారం పొద్దున అమ్మ పట్టుచీర కట్టింది. లోకం ఎప్పుడు ఏమవుతుందో తెలీదు కాబట్టి రెండు నెలల మా తమ్ముడికి ఇవాళే బాప్తిస్మమట! ముందుగా చర్చికి ఉరుకుదామంటే నానమ్మ చెయ్యి పట్టుకుని నడిపించే పని నాకే పడింది.

గంట కొట్టే తాత మూత సందులో నీళ్ళు చూసి, ఎవరో పుణ్యాత్ములు నింపేశారని సంతోషించి వదిలేశాడట. పాదిరీ అయ్యగారు తమ్ముణ్ణి ఎత్తుకుని, కళ్ళు మూసుకుని, గిన్నెలో చెయ్యి ముంచి వాడి నెత్తిన పెట్టారు. తండ్రి పేరిట ఒకటి, కుమారుని పేరిట రెండు జారాయి. తమ్ముడు ఏడవలేదు. అమ్మ కెవ్వుమంది.

నానమ్మ నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకెవరూ నవ్వలేదు.

"ఎవరి పని ఇది?" అన్నారు అయ్యగారు. ఆయన చూపు వరసలన్నీ దాటి నా మీదికొచ్చి ఆగింది. నాన్న చెయ్యి అప్పటికే నా చెవి దగ్గరుంది.

"దర్జీ చాచా వాళ్ళమ్మాయి" అన్నాను.

వెనక వరసలో ఎవరో "సాయెబుల పిల్లా? మన గుళ్ళోకొచ్చిందా?" అన్నారు. నాన్న చెయ్యి నా చెవి వదిలేసింది. అది చూసి నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను, ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. అయ్యగారు చెయ్యి తుడుచుకుంటూ గిన్నె బయట పారబొయ్యమన్నారు. తాత తీసుకెళ్ళాడు. మెట్ల మీద నీళ్ళు పడిన చప్పుడు నాకు వినబడింది. నేను లేవలేదు.

చివరి కీర్తన మొదలవగానే ఇంటికి పరిగెత్తి తనకి జరిగిందంతా చెప్పాను. పేరు చెప్పిన సంగతి కూడా దాచలేదు. తిడుతుందనుకున్నాను.

"నా పేరు చెప్తె చెప్పినవ్. ఆళ్ళు పారబోస్తుంటె ఎట్ల కూసున్నవే?"

ఒట్టు లేదు, గేటు లేదు. వాళ్ళమ్మ వెనకనుంచి కేకలేస్తున్నా వినకుండా చెప్పుల్లేని కాళ్ళతో సందు దాటింది. నేను అమ్మ నింపి పెట్టిన చెంబొకటి లాక్కుని వెనకే ఉరికాను. మేం వెళ్ళేసరికి జనం బయటికొస్తున్నారు. ఆ పిల్లే, ఆ పిల్లే అంటున్నారు. తను వాళ్ళ కాళ్ళ మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, మెట్ల కింద రాతి గుంటలో ఇంకా కొట్టుకుంటున్నవాటిని రెండు వేళ్ళతో ఏరుతోంది. నాన్న కూడా అక్కడే ఉన్నాడు. నాకు ఎవరి ముఖమూ చూడబుద్ధి కాలేదు.

తను మాత్రం తల కూడా ఎత్తలేదు. "ఏం జూస్తున్నవ్? చెంబు జెర వంచి పట్టు" అంది.