తీన్ తర్వాత ఊపిరి

క్యాసెట్టు అట్ట మీద ఎవరెవరి పేర్లు ఉండేవో నేను ఇప్పటికీ వరుసగా చెప్పగలను. పాడినవారి పేరు పెద్ద అక్షరాల్లో. దాని కింద రాసినవారి పేరు, బాణీ కట్టినవారి పేరు. ఆ తర్వాత రికార్డు చేసినవారిది, అమ్మేవారిది, చివరికి ఆ అట్టను అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా. డ్రమ్ము కొట్టినవాడి పేరు మాత్రం ఉండదు. డ్రమ్ము దానంతటదే మోగుతుందని వాళ్ల ఉద్దేశం కాబోలు. ఈ అన్యాయం గురించి నేను ఎంతమందితో కొట్లాడానో లెక్కలేదు. కానీ నా నౌకరీని ఒకసారి కాపాడింది కూడా ఈ అన్యాయమే. ఆ సంగతి రాయకపోతే నాది అబద్ధపు బతుకవుతుంది.

నేను నాలుగో తరగతి దాటలేదు. ధూల్‌పేట్‌లో మా గల్లీవాళ్లు వినాయకుడి బొమ్మలకు రంగులేసి పారేసిన డబ్బాలు బోర్లించి, వాటి మీద కొట్టడం నేర్చుకున్నాను. అరవైల చివర్లో ఒక పెళ్లి బ్యాండులో చేరి, మెడకు డ్రమ్ము తగిలించుకుని బరాత్‌ల ముందు నడిచాను. బేగంబజార్ సందుల్లో హమాలీల బండ్లు ఎదురొస్తే గోడకు అతుక్కుపోవాలి, దెబ్బ మాత్రం తప్పకూడదు. నేను చదువుకున్న సంగీతం అంతే. తర్వాత సర్కారు ఫ్యాక్టరీలో పని దొరికింది. పెళ్లయింది. అమ్మకు గుండె జబ్బు పట్టుకుంది. ఆమె మందులన్నీ ఫ్యాక్టరీ ఆస్పత్రి నుంచే వచ్చేవి.

బ్యాండులో క్లారినెట్ ఊదే పెద్దాయనే నన్ను మలక్‌పేటలోని ఒక రికార్డింగు గదికి తీసుకుపోయాడు. అది మేడ మీది గది. గోడల నిండా పాత బొంతలు మేకులు కొట్టి వేలాడదీశారు. మైకులో గాలి చప్పుడు పడుతుందని పాట మొదలవగానే ఫ్యాను ఆపేసేవారు. పాట రెండుసార్లు వినిపిస్తారు, మూడోసారి టేపు తిరుగుతుంది. స్వరాలు రాసిన కాగితాలు మిగతావాళ్ల ముందు ఉండేవి. నేను నా కాగితం మీద నాకు నేనే కనిపెట్టుకున్న గుర్తులు పెట్టుకునేవాణ్ణి. నిలువు గీత అంటే కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము, చుక్క అంటే పుల్లతో కొట్టే ఇత్తడి పళ్లెం. దాన్ని చూసి ఒక వయొలిన్ ఆయన, "ఇదేమి లిపి, చీమలు పాకినట్టుంది" అని నవ్వాడు. అదే పాటలో ఆయన రెండుసార్లు తప్పాడు. నేను తప్పలేదు. ఇది గొప్ప కోసం రాయడం లేదు, జరిగింది కాబట్టి రాస్తున్నాను.

పాట ఎత్తుకునే ముందు లెక్క పెట్టేది డ్రమ్ముల మనిషే. అందరూ నా నోటి వైపు చూస్తుంటారు. మొదటి రోజు నాకు తెలిసిన లెక్క ఒక్కటే. అది ఫ్యాక్టరీలో మా షెడ్డు లెక్క. క్రేను ఖాళీ లేనప్పుడు నలుగురం కలిసి ఇనుప పోత దిమ్మను మిషను మీదికి ఎత్తేవాళ్లం. "ఏక్, దో, తీన్" అని, చార్ అనకుండా ఊపిరి బిగబట్టి ఎత్తాలి. చార్ అంటే ఊపిరి పోతుంది, నడుము పట్టేస్తుంది. స్టూడియోలోనూ అదే వచ్చింది నోటికి. తీన్ తర్వాత గట్టిగా ఊపిరి, ఆ వెంటనే దెబ్బ. బాణీ కట్టే ఆయన, "శభాష్! నాలుగోది పలికితే పాట మీద పడుతుంది, ఎవరు నేర్పారయ్యా నీకు?" అన్నాడు. ఇనుము నేర్పిందని చెప్పలేదు.

అలా డెబ్బైలన్నీ రెండు పనులూ నడిచాయి. పాడేవాళ్లు దొరికిన రోజే రికార్డింగు ఉండేది, అది ఆదివారమే కావాలని ఎవరూ చూడరు. కాబట్టి సెలవు కావాలి, సెలవుకు జబ్బు కావాలి. అనుమతి లేకుండా బయట పని చేస్తే నౌకరీ నుంచి తీసేస్తామని మా ఫ్యాక్టరీ రూలు. తప్పు నాదే, కాదనను. ఎనభైల మొదట్లో ఒక వినాయకుడి పాటల క్యాసెట్టు కోసం మూడు రోజులు కావలసి వచ్చింది. గొంతు వాచింది, మాట్లాడరాదు అని డాక్టరు చీటీ తెచ్చి ఫోర్‌మన్ ముందు పెట్టాను. నోటిమీద వేలు పెట్టి సైగ కూడా చేశాను.

"మస్తు మంచిగైంది," అన్నాడాయన. "మూడు దినాలు నీ నోరు మూతవడితె షెడ్డుకు పండుగే!"

నెల తిరగకుండా పండుగ వచ్చింది. ఫ్యాక్టరీ గేటు లోపల పందిరి వేసి మా గల్లీ బొమ్మనే కూర్చోబెట్టారు. మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక మైకుసెట్టులో కొత్త క్యాసెట్టు వేశారు. పాట కంటే ముందు, పెద్ద హారన్‌లోంచి ఫ్యాక్టరీ అంతా వినబడేలా ఒక గొంతు వచ్చింది.

"ఏక్... దో... తీన్..."

ఆ తర్వాత ఊపిరి. ఆ తర్వాత దెబ్బ.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పక్కన నా మిషను జోడీదారు, నాకంటే పెద్దవాడు, డబ్బా మూత పెట్టేసి నా వైపు తిరిగాడు.

"తమ్మీ, గది నువ్వే గదనె!"

"మెల్లగ అన్నా, నీ కాల్మొక్త."

"నన్ను మెల్లగ అనుమంటవేంది? నువ్వు మైకుల ఒర్లినవ్ గదా!"

ఆ సాయంత్రమే మలక్‌పేట పోయి లొల్లి చేశాను. అక్కడ టేపు తిప్పే మనిషి మొహం చిన్నది చేసుకున్నాడు. "లెక్కను కోసేద్దామనే చూసిన భాయ్. నీ ఊపిరి మొదటి దెబ్బకు అతుక్కొని ఉన్నది. కోస్తే దెబ్బ గూడ పోతది. దెబ్బ మంచిగుందని ఉంచిన" అన్నాడు. పొగిడాడో నా కొంప ముంచాడో తెలియక ఇంటికి వచ్చాను. అమ్మకు మందు గోళీ ఒకటికి బదులు రెండు ఇవ్వబోయాను. ఏమైందిరా అంది. పండుగ పనిలో అలిసిపోయానన్నాను.

మరునాడు ఆఫీసు నుంచి పిలుపు. పెద్ద ఆఫీసరు కోస్తా వైపు మనిషి, మాటలో మర్యాద ఉన్నవాడు. బల్ల మీద పందిట్లోని టేపు రికార్డరు, దాని పక్కన క్యాసెట్టు అట్ట. ఫోర్‌మన్ నిలబడి ఉన్నాడు.

"పోయిన నెల గొంతు లేదని లీవు వెట్టిండు సార్," అన్నాడు ఫోర్‌మన్. "ఈ నెల సూడుండ్రి, క్యాసెట్ల లెక్కవెడుతుండు."

ఆఫీసరు అట్టను అటూ ఇటూ తిప్పాడు. కళ్లద్దాలు పైకి జరిపి కింది చిన్న అక్షరాలు కూడా చదివాడు. "ఇందులో ఇతని పేరు లేదే? ప్రెస్సువాళ్ల పేరు కూడా ఉంది. డ్రమ్స్ ఎవరో ఎక్కడా రాయలేదు."

అదే కదా సార్ అన్యాయం! అని నా నాలుక కొస దాకా వచ్చింది. ఎన్నేళ్ల కోపం అది! నోరు కూడా తెరిచాను. వాకిట్లో నిలబడి లోపలికి తొంగి చూస్తున్న నా జోడీదారు కళ్లు ఉరిమి చూడకపోతే ఆ రోజే నా నౌకరీ నా నోటితోనే పోయేది. తెరిచిన నోటిని దగ్గుగా మార్చుకున్నాను.

"పేరెందుకు సార్, గొంతు ఉన్నది గదా," అన్నాడు ఫోర్‌మన్. "లెక్కవెట్టుమనుండ్రి."

"ఏదయ్యా, అనండి," అన్నాడు ఆఫీసరు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు," అన్నాను, బళ్లో పంతులు ముందు నిలబడ్డట్టు.

"గట్ల గాదు! షెడ్డుల అన్నట్టు అను!"

ఆఫీసరు ఫోర్‌మన్ వైపు తిరిగాడు. "షెడ్డులో అన్నట్టు అంటే ఏమిటి?"

"బరువు లేపేటప్పుడు సార్. తీన్ అన్నంక ఊపిరి వట్టి..." అని ఆయన ఆగాడు.

"అక్కడ ఇతనొక్కడే అంటాడా?"

ఆఫీసరు వాకిట్లోని నా జోడీదారును లోపలికి పిలిచి లెక్క పెట్టమన్నాడు. ఆ మహానుభావుడు చొక్కా చేతులు పైకి మడిచి, కాళ్లు ఎడంగా పెట్టి, లేని దిమ్మను పట్టుకుని, "ఏక్! దో! తీన్!" అని గది అదిరేలా అరిచి ఊపిరి పీల్చాడు. అచ్చం క్యాసెట్టే.

"మీరు కూడా షెడ్డు నుంచి వచ్చినవారే కదా, మీరు అనండి," అన్నాడు ఆఫీసరు ఫోర్‌మన్‌తో.

"నేనెందుకు సార్?"

"వింటాను."

ఫోర్‌మన్ గోడ వైపు చూస్తూ గొణిగాడు. "ఏక్, దో, తీన్..." చార్ అనాలనే అనుకున్నాడు, నాకు తెలుసు. కానీ పదిహేనేళ్లు ఇనుము ఎత్తిన ఒళ్లు ఆయనది. రొమ్ము దానంతటదే పొంగింది, ఊపిరి లోపలికి పోయింది.

ఆఫీసరు టేపు రికార్డరు తీగ చుట్టేశాడు. నవ్వు ఆపుకుంటున్నాడని మీసం చెప్పింది. "పేరు చూస్తే అట్ట మీద లేదు. గొంతు చూస్తే షెడ్డంతా ఉంది. ఎవరి మీదని చార్జిషీటు రాయను?" అని, ఫోర్‌మన్ మెట్లు దిగాక నన్ను ఆగమన్నాడు. "ఆదివారాలు బయట వాయించుకోవడానికి అనుమతి అడిగే దరఖాస్తు ఒకటి ఉంటుంది. ఎవరూ పెట్టరు. పండుగ అయ్యాక పెట్టుకోండి. ఆ దెబ్బ మాత్రం బాగుంది."

మెట్ల దగ్గర కూర్చుండిపోయాను. కుళాయి కింద తల పెట్టి నీళ్లు పట్టించుకున్నాక, పొద్దుటి నుంచి బిగిసిపోయిన ఒళ్లు ఒక్కసారిగా వదులైంది. అమ్మ మందులు ఆగవు. ఆ ఒక్క ముక్కే తలలో తిరుగుతోంది, పాటలో పల్లవిలా.

షెడ్డులోకి వెళ్లేసరికి దిమ్మ కింద ముగ్గురు వంగి ఉన్నారు. నాలుగో చోటు ఖాళీగా ఉంది. వెళ్లి పట్టుకున్నాను. ఎవరూ లెక్క మొదలుపెట్టరే! ఫోర్‌మన్ అక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ముగ్గురూ నా నోటి వైపే చూస్తున్నారు.

"ఏంది, గొంతు మల్ల వాచిందా?" అన్నాడాయన. "అను, అను. దిమ్మ ఆడనే ఉన్నది."

"ఏక్, దో, తీన్," అన్నాను. నలుగురం ఊపిరి పట్టాం. దిమ్మ లేచింది.