ఐలా ఆంటీ గుమ్మం పక్క సంచి

మా చిన్నప్పుడు... అమెరికాలో, చికాగో దగ్గర అరోరాలో మా పక్కింటి ఐలా ఆంటీ గుమ్మం పక్కన, చెప్పుల స్టాండ్ మీద ఎప్పుడూ ఒక ముదురాకుపచ్చ గుడ్డ సంచి ఉండేది. మూతి తాడుతో బిగించి కట్టేసి ఉండేది. ఆవిడ ఊళ్లు తిరిగే మనిషి కాదు... ఆ సంచి కూడా అక్కణ్ణుంచి కదిలేది కాదు.

అమ్మకి హాస్పిటల్ డ్యూటీ, నాన్నకి చికాగో ట్రైను. స్కూల్ బస్ దిగితే నేను నేరుగా ఆవిడ ఇంటికే. డెబ్భై ఏళ్లావిడ, అమ్మమ్మ అనాల్సిన వయసే... కానీ పెద్దవాళ్లెవరినైనా ఆంటీ అనడమే మాకు తెలుసు. ఫిన్లాండ్‌లో పుట్టి, పెళ్లయ్యాక ఇటు వచ్చారట. యాలకుల పొడి వేసి తీపి రొట్టె చేసేవారు. "యాలకులు ఇంత ధారాళంగా వేసే మనిషి దగ్గర పిల్లని కళ్లు మూసుకుని వదిలేయొచ్చండీ" అనేది అమ్మ, నాన్నతో.

నేను మూడో క్లాసులో ఉండగా ఒక అక్టోబరులో ఆవిడ పుట్టినరోజు వచ్చింది. ఇల్లు సర్దిపెట్టి సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నాను. సర్దడం అంటే మా ఇంట్లో ఒకటే అర్థం... మూట కనబడితే విప్పడం. ఇండియా నుంచి ఎవరొచ్చినా హాల్లోనే సూట్‌కేసులు విప్పి, పచ్చళ్లు వంటింట్లోకి, చీరలు బీరువాలోకి చేరవేసేదాకా మాకు నిద్ర పట్టేది కాదు మరి. ఆవిడ పెరట్లో ఆఖరి టమాటాలు కోస్తుంటే, నేను ఆ తాడు విప్పేశాను.

ఉన్ని మేజోళ్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, సబ్బు, కాఫీ పొడి పొట్లం... అన్నిటికీ అడుగున ఒక చిన్న చెక్క ఫ్రేము. అద్దం ఉంది, ఫొటో లేదు.

మేజోళ్లు సొరుగులోకి, సబ్బు బాత్రూంలోకి, కాఫీ వంటింట్లోకి. ఫ్రేము ఖాళీగా ఉంది పాపం అనిపించి, ఆ వారమే చేతికొచ్చిన నా స్కూల్ ఫొటో... ముందు పళ్లు రెండూ లేని నవ్వుతో ఉన్నది... అందులో పెట్టి హాల్లో గోడకి తగిలించాను. ఎంత గొప్ప పని చేశానో అనుకున్నాను.

ఆవిడ లోపలికొచ్చి ఖాళీ సంచి చూశారు. గోడ చూశారు. మొహం పాలిపోయింది. కోప్పడలేదు... కోప్పడినా బాగుండేది. టమాటాల గిన్నె ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చుని, మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు.

వాళ్ల ఊరు రష్యా సరిహద్దు పక్కనే. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది... ఎండాకాలం నుంచే దేశం నలుమూలల జనం పలుగూ పారా పట్టుకుని వచ్చి ఆ చుట్టుపక్కల కందకాలు తవ్వారట. బడిలోనే వాళ్లకి పడకలు. ట్యాంకులు దాటకుండా గుర్రాలతో బండరాళ్లు లాగించి, పొలాల మధ్య వరసలుగా పాతారట. కందకం వాళ్ల నాన్న చేను మధ్యలోంచే పోయింది. ఆయన గొణుక్కుంటూనే తన గుర్రాన్నీ పంపాడు. ఆడవాళ్లు పెద్ద గుండిగల్లో బఠాణీ సూప్ కాచేవారు. పదేళ్ల ఐలా ఆంటీ నీళ్ల బకెట్లు మోస్తే, ఇరవై ఏళ్ల వాళ్లన్న ఈనో కందకం తవ్వి, రాళ్లు మోసేవాడు.

విమానాలకి వెలుగు కనబడకుండా కిటికీలకి నల్ల కాగితాలు అంటించారు. ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఒక సంచి సిద్ధం... కబురు రాగానే తీసుకుని నడవడమే. వాళ్లమ్మ ఆ సంచిలో అన్నిటికంటే ముందు పెట్టింది గోడ మీది ఈనో ఫొటో. ఇంట్లో అతనిది ఉన్నది అదొక్కటే.

వారాలు గడిచాయి. ఏమీ జరగలేదు. రష్యాతో చర్చలు నడుస్తున్నాయి, ఇక యుద్ధం రాదన్నారు. ఊళ్లో ఒక్కొక్క ఇల్లూ సంచి విప్పుకుంది. అప్పటికే ఈనో సైన్యంలో చేరి, తను తవ్విన కందకంలోనే కాపలా ఉన్నాడు. గోడ బోసిగా ఉంది, అన్నయ్య ఫొటో మళ్లీ తగిలించమ్మా అని ఐలా ఆంటీ మారాం చేశారట. వాళ్లమ్మ తగిలించింది.

వారం తిరక్కుండా ఒక ఉదయం ఫిరంగులు మోగాయి. చేతికందిన దుప్పట్లు, ఆవు... అంతే. ఫొటో గోడ మీదే ఉండిపోయింది. ఈనో ఆ రాళ్ల వరస దగ్గరే చనిపోయాడు. తలదాచుకున్న ఊళ్లో వాళ్లమ్మ ఈ ఫ్రేము కొంది... తిరిగి వెళ్లాక కొడుకు ఫొటో అందులో పెట్టుకుందామని. ఇల్లు కాలిపోయిందని తర్వాత తెలిసింది.

"మా అన్న చేతులు గుర్తున్నాయి నాకు. మొహం గుర్తు లేదు. తగిలించమన్నది నేనే" అన్నారావిడ.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఇద్దరం కలిసి సొరుగులో మేజోళ్లూ, బాత్రూంలో సబ్బూ మళ్లీ తెచ్చి సంచి కట్టాం. ఫ్రేము మాత్రం ఆవిడే గోడ మీంచి తీసి, నాకు వీపు తిప్పి, ఒక మేజోడులో దూర్చి అడుగున పెట్టేశారు. నా ఫొటో తీసి పారేశారనుకున్నాను. అడిగే ధైర్యం లేకపోయింది.

సాయంత్రం అమ్మ తలపట్టుకుంది. "ఆవిడ బ్యాగ్ నువ్వెందుకు ఓపెన్ చేశావే? రేపు వెళ్లగానే సారీ చెప్పు." చెప్పాను. ఆవిడ ఒక రొట్టె ముక్క నా చేతిలో పెట్టి తల నిమిరారు.

నేను కాలేజీలో ఉండగా ఆవిడ పోయారు. ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్లమ్మాయి ఆ సంచి తెచ్చి నాకిచ్చింది... ఇది నీకే ఇవ్వమంది అమ్మ అని. తాడు విప్పి ఒక్కొక్కటీ బయటికి తీశాను. అడుగున మేజోడు... మేజోడులో ఫ్రేము... ఫ్రేములో పళ్లు లేని నేను. ఫిరంగులు మోగితే చేత పట్టుకుని పరిగెత్తాల్సిన సంచిలో, అన్నకోసం అన్నేళ్లు ఖాళీగా ఉంచిన చోట, ఆవిడ నన్ను పెట్టుకున్నారు.

ఇప్పుడు నా ఫోన్‌లో మా బాబు ఫొటోలు వేలకొద్దీ ఉన్నాయి... కాగితం మీద ఒక్కటీ లేదు. మొన్న ఒకటి ప్రింట్ తీయించాను. గోడకి తగిలించలేదు... ఐలా ఆంటీ సంచిలో పెట్టాను.

మీ చిన్నప్పుడు మీ ఇంటి గోడ మీద ఒకే ఒక్క ఫొటోగా ఉన్నది ఎవరిది... అది ఇప్పుడు ఎక్కడుందో ఒక్కసారి లేచి చూసి చెప్తారా...